హ పలకని ఊరు

గోరువెచ్చని నీళ్లలో కాస్త పులిసిన ద్రాక్షరసం కలిపి పుక్కిలించి, పెరటి గోడ వారగా ఉమ్మేసి, హనాను మళ్లీ మొదలుపెట్టాడు. హ. హా. హల్లా. హమ్రా. హబ్లా. ఒక్కో మాటనూ పొట్టలోంచి లాగి, గొంతు వెనక గోడకు రాపాడించి, అప్పుడు బయటికి వదులుతున్నాడు. మెడ నరాలు పైకి లేస్తున్నాయి. పక్కింటి గ్రీకు ముసలమ్మకు తెల్లవారిందనడానికి ఇదే గుర్తు. కైసరయలో కోడికన్నా ముందు దుబాసిగారి గొంతే లేస్తుందని నీళ్ల దగ్గర కనిపించిన వాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది. పాపం, ఏదో గొంతు జబ్బని ఆవిడ నమ్మకం.

భార్య షప్పీరాకు వేరే సంగతి చెప్పాడు. దొర కచేరీలో పొద్దస్తమానం అరవాలి, ఇటు అరామీ మాట అటు గ్రీకులోకి, అటు గ్రీకు మాట ఇటు అరామీలోకి మార్చాలి, గొంతు సాపు చేసుకోకపోతే కూటికి గతి ఉండదు అన్నాడు. అందులో అబద్ధం లేదు. గొంతులో ఆ ఒక్క అక్షరాన్నే ఎందుకు సాపు చేసుకుంటాడో మాత్రం పెళ్లయిన ఇన్నేళ్లలో చెప్పలేదు. ఆవిడ అడగనూ లేదు. యెరూషలేములో పుట్టి పెరిగిన పెద్దింటి మనిషి, చదువుకున్నవాడు, ఆయన అలవాట్లు ఆయనవి అనుకుంది.

హనాను పుట్టింది యెరూషలేములో కాదు. గలిలయలో, సరస్సు ఒడ్డున, చేపల కంపు కొట్టే ఒక రేవులో. ఆ రేవు మనుషుల నోట 'హ' పలకదు. పలకాలన్న ధ్యాస కూడా ఉండదు. తల్లి అతన్ని అనాను అని పిలిచేది. తండ్రీ అలాగే పిలిచేవాడు. తన పేరు ముందు ఇంకో అక్షరం ఉందని అతనికి మీసాలు వచ్చేదాకా తెలియదు.

తెలిసింది యెరూషలేము బజారులో. పండగకు వెళ్లినప్పుడు గాడిద మీద సామాను కట్టుకోవడానికి తాడు కొందామని ఒక కొట్టు ముందు నిలబడ్డాడు. తాడును హబ్లా అంటారు. అతను అబ్లా అన్నాడు. అబ్లా అంటే ఆ ఊళ్లో చావు ఏడుపు. కొట్టువాడు సరదా మనిషి. అయ్యో నాయనా, మీ ఇంట్లో ఎవరు పోయారు అని గుండెలు బాదుకోవడం మొదలుపెట్టాడు. పక్క కొట్టువాడు అందుకున్నాడు. గింజలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని శోకాలు పెట్టారు. వీధి వీధంతా దొంగ ఏడుపు ఏడ్చి, తరువాత నిజంగానే నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. హనాను తాడు లేకుండానే వెనక్కి తిరిగాడు. సామాను దారి పొడుగునా జారి పడుతూనే ఉంది. మళ్లీ బతుకులో ఎవరూ తన మాటకు నవ్వకూడదని ఆ దారిలోనే ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు నిలబెట్టుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఊరికి తిరిగి పోలేదు. యెరూషలేములో ఒక లేఖకుడి దగ్గర ఊడిగం చేశాడు, చదువు నేర్చాడు, గ్రీకు నేర్చాడు, అన్నిటికన్నా ముందు హ నేర్చాడు. కైసరయకు వచ్చి రోమా దొర కచేరీలో దుబాసి అయ్యాడు. బక్కపలచని మనిషి, కొంచెం ముందుకు వంగిన మెడ, నూనె రాసి దువ్విన గడ్డం, ఎప్పుడూ ఉతికిన తెల్లబట్ట. కచేరీకి వచ్చిపోయే వాళ్లలో ఒక్కరికీ అతని ముఖం గుర్తుండదు. గొంతు గుర్తుంటుంది. పెళ్లయిన కొత్తలో, నిద్రలో ఏ యాసలో కలవరిస్తానో అన్న భయంతో, భార్య కన్ను మూసేదాకా మేలుకునే ఉండేవాడు.

ఆ పెళ్లి మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. తండ్రిని పిలవకుండా ఉండలేకపోయాడు. పిలిస్తే ఆయన నోరు తెరుస్తాడు. నోరు తెరిస్తే అంతా బయటపడుతుంది. అందుకని అత్తవారికి ముందే చెప్పి ఉంచాడు, మా నాన్నకు జ్వరం వచ్చి మాట పడిపోయింది, మూగవాడు అని. తండ్రిని ఊరి బయటే కలిసి చేతులు పట్టుకుని బతిమాలాడు. ఆయన పడవల సందుల్లో నార కుక్కి, నీరు దిగకుండా తారులాంటి కీలు పూసే మనిషి, గోళ్లలో నలుపు ఎంత తోమినా పోదు. కొడుకు ముఖం కాసేపు చూసి సరే అన్నట్టు తలాడించాడు. అప్పటినుంచే మాట్లాడలేదు. పెళ్లివారంతా ఆ మూగ ముసలాయనకు కొసరి కొసరి వడ్డించారు. వెళ్లిపోయేటప్పుడు కోడలి తలమీద చెయ్యి పెట్టి పెదవులు కదిలించాడట, దీవెన బయటికి రాలేదు. షప్పీరా ఇప్పటికీ ఆ సంగతి చెప్పి జాలిపడుతుంది. ఆ మరుసటి చలికాలంలో ఆయన పోయాడు.

గొంతు సాపయ్యాక హనాను రెండు బార్లీ రొట్టెలు, కాసిని ఆలివు కాయలు తిని కచేరీకి బయల్దేరాడు. రేవులో ఓడ ఒకటి తెరచాపలు విప్పుకుంటోంది. దొర మర్నాడు పొద్దున్నే దానిలో ప్రయాణం. అందుకని ఉన్న విచారణలన్నీ ఈవేళే తెగ్గొట్టాలని కబురొచ్చింది. కచేరీ వసారాలో రాతపని చూసే రాయసగాడు లైకోను స్తంభానికి ఆనుకుని ఎదురుచూస్తున్నాడు. లావుపాటి గ్రీకువాడు, మంచివాడే, నవ్వకుండా మాత్రం పొద్దు గడవదు. ఈవేళ నీ సరుకు వచ్చింది దుబాసీ, అసలుసిసలు సరస్సు గాడిద, అన్నాడు. తరువాత రోజూ అడిగేదే అడిగాడు.

"ఒక్కసారి అను. మా అన్నవి కదూ. ఆకలేస్తోందని వాళ్లెలా అంటారో."

హనాను అన్నాడు. వసారాలో ఉన్న బంట్రోతులూ సిపాయీలూ పొట్ట చేత్తో పట్టుకున్నారు. ఇది ఈనాటిది కాదు. కొలువులో చేరిన కొత్తలో సరస్సు వైపునుంచి వచ్చిన ఒక కక్షిదారుణ్ణి అందరూ వెక్కిరిస్తుంటే, తాను ఊరుకుంటే అనుమానం వస్తుందేమోనని హనాను అందరికన్నా బాగా వెక్కిరించాడు. ఎంత బాగా అంటే సరస్సు యాసను అనడంలో దుబాసిని మించినవాడు లేడన్న పేరు అక్కడే స్థిరపడిపోయింది. విందుల్లో దొరవారు కూడా పిలిపించి అనిపించుకునేవారు. తల్లి మాట, తండ్రి మాట, ఊరి మాట తన నోటినుంచి బయటికి రావడానికి లోకంలో మిగిలిన దారి అదొక్కటే అయింది. ఈ సంగతి ఆలోచించకుండా ఉండడం హనాను ఎప్పుడో నేర్చుకున్నాడు.

కైదీ పేరు నిత్తాయి. సరస్సులో చేపలు పట్టేవాడు. రోమావాళ్లు శిలువ వేసి చంపినా మళ్లీ లేచాడని వాళ్లవాళ్లు చెప్పుకునే ఒక గురువు ఉన్నాడు. ఆ గురువు మాట ఊరూరా చెప్పమని పంపించగా వచ్చినవాళ్లను అపొస్తలులు అంటారు. నిత్తాయి వాళ్లలో ఒకడు. యెరూషలేము మహాసభ మొదట తనే విచారించి, నేరం చావుకు తగినదని తోచి, అది తమ చేతిలో లేని పని కనుక దొర దగ్గరికి పంపింది. సభ తరఫున వాదించడానికి ఎల్కానా అనే యాజకుడు వచ్చాడు, మంచి గ్రీకు మాట్లాడతాడు. వెంట గ్రీకు రాని ఒక ముసలి పెద్ద కూడా వచ్చాడు.

నిత్తాయిని తెచ్చి నేల మీది రంగురాళ్ల ముగ్గు మధ్యన నిలబెట్టారు. దొడ్డ మనిషి. వంకర కాళ్లు, ఉప్పగాలికి కాలిన మెడ, తాళ్లు లాగి లాగి గీతలు పడ్డ అరచేతులు. గలిలయ గొంగడి ఒకటి భుజాన కప్పుకున్నాడు. కాళ్ల కింద ముగ్గులో చేప బొమ్మ కనబడితే తొక్కకుండా పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఎల్కానా మొదట మతం సంగతులు చెప్పాడు. వీడు గుడిని చులకన చేశాడు, కొయ్యకు వేలాడి చచ్చినవాణ్ణి దేవుడి పక్కన కూర్చోబెట్టాడు, జనం మతి పోగొట్టాడు అన్నాడు. దొర ఆవులించాడు. మీ దేవుడి గొడవ మీరు చూసుకోండి, నాకెందుకు అన్నాడు. ఎల్కానా ఆ మాట కోసమే కాచుకున్నట్టు రెండో సంగతికి వచ్చాడు. పండగకు ముందు సరస్సు ఒడ్డున పోగైన జనంతో ఈ మనిషి ఒక మాట అన్నాడు. విన్నవాళ్లు సాక్ష్యం ఇచ్చారు. కత్తులు సిద్ధం చేసుకోండి, ఆయన వస్తున్నాడు అన్నాడు. ఆవలింత ఆగిపోయింది. దొర కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

అన్నావా లేదా అని అడగమన్నాడు. హనాను అరామీలో అడిగాడు. సభ సాక్ష్యపు మాటలను ఉన్నవి ఉన్నట్టే అప్పజెప్పాడు.

"అన్నాను," అన్నాడు నిత్తాయి. దాచేదేముంది అన్నట్టు గొంతెత్తి అన్నాడు. "అర్బాలు సిద్దం చేసుకోండి, ఆయన వత్తన్నాడు అన్నాను. నావి రెండే ఉన్నాయి. అంత జనానికి ఎక్కడ సరిపోతాయి? ఎవరిది వాళ్లు తెచ్చుకోమన్నాను."

గోడవారనున్న సిపాయిల్లో అరామీ కాస్త తెలిసినవాళ్లు తలలు తిప్పి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. హనాను వెంటనే గ్రీకులోకి మార్చలేదు.

అప్పుడు ఆ ముసలి పెద్ద లేచాడు. నిలబడలేక కర్ర మీద వాలాడు. ఈ మాట నాకు సందేహంగానే ఉంది, పడవను కూడా అర్బా అంటాం కదా, మనిషి చూస్తే జాలరి, ప్రాణం పోయే మాట కాబట్టి సరిగా విచారించాలి, అన్నాడు. చావు కోరి వచ్చిన పక్షంలోంచే ఆ సందేహం వచ్చింది. దాన్ని దొరకు గ్రీకులో చెప్పవలసినవాడు హనానే. చెప్పాడు. ఎల్కానాకు కోపం రాలేదు, ఓపిగ్గా నవ్వాడు. యెరూషలేములో కత్తి హర్బా, పడవ అర్బా. సరస్సు వాళ్లకు హ అంటే ఏమిటో తెలియదు. వాళ్ల నోట్లో రెండూ ఒకటే. మరి రెండే ఉన్నాయి, చాలవు, ఎవరిది వాళ్లు తెచ్చుకోండి అని జనానికి చెప్పేవాడు దేన్ని తెచ్చుకోమంటాడో దొరవారికి నేను చెప్పాలా అన్నాడు.

యెరూషలేములో పుట్టినవాడికి అంతకుమించి తెలిసే వీలు లేదు. ఆయన మోసం చేయలేదు. సరస్సు వాళ్లు హ మింగుతారని లోకమంతా నవ్వుకుంటుంది. సరస్సు వాళ్లు కత్తిని హర్బా అననే అనరని మాత్రం లోకానికి తెలియదు. వాళ్లకు కత్తి ఎప్పుడూ సైఫా. పసిపిల్లవాడు కూడా సైఫా అనే అంటాడు. అర్బా అంటే ఆ ఒడ్డున ఒక్కటే, నీటి మీద తేలేది. వాళ్ల గురువు ఒడ్డున జనం తొక్కిడి ఎక్కువైతే పడవ ఎక్కి కాస్త లోపలికి పోయి అక్కణ్ణుంచి మాట చెప్పేవాడట, ఆ సంగతి కైసరయలో కూడా విన్నవాళ్లున్నారు. ఆయన మళ్లీ వస్తే జనం కూడా పడవల్లో దగ్గరికి పోయి వినొచ్చు. ఆ కచేరీలో అర్బా అంటే పడవ తప్ప ఇంకోటి కాదని తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు కైదీ. రెండోవాడు తెల్లబట్ట కట్టుకుని దొర పక్కన నిలబడ్డాడు.

దొర హనాను వైపు తిరిగాడు. ఆయన ముఖంలో కాస్త సరదా వచ్చింది.

"నువ్వు వీళ్ల మాట భలే అంటావు కదా దుబాసీ. వాడన్నట్టే అను. నేను విని తేలుస్తాను."

లైకోను కలం ఆపి ముందుకు వంగాడు. నవ్వడానికి బుగ్గలు సిద్ధం చేసుకున్నాడు. హనాను అన్నాడు. అర్బాలు సిద్దం చేసుకోండి, ఆయన వత్తన్నాడు. నావి రెండే ఉన్నాయి. వెక్కిరించాలనే మొదలుపెట్టాడు. రెండో మాటకే అది వెక్కిరింత కాకుండా పోయింది. రేవులో పొద్దున్నే కీలు కుండ కింద మంట పెడుతూ తండ్రి పిలిచే గొంతు తన నోట్లోంచి రావడం అతనికే వినబడింది. కచేరీ అంతా గొల్లున నవ్వింది.

నిత్తాయి నవ్వలేదు. అంతదాకా నేలకేసి చూస్తున్నవాడు చటుక్కున తలెత్తాడు. ముఖం విప్పారింది. పరాయి ఊళ్లో తప్పిపోయి తిరుగుతుంటే సొంత ఊరి మనిషి ఎదురైనట్టు హనాను వంక చూసి, ఇంకేం పరవాలేదన్నట్టు భుజాలు దించి, పెద్దగా ఊపిరి వదిలాడు. మనవాడున్నాడు, చెప్పేస్తాడు అనుకున్నాడు. ఆ చూపు హనాను తట్టుకోలేకపోయాడు. కళ్లు తిప్పుకున్నాడు.

ఏది, కత్తా పడవా, అన్నాడు దొర.

ఒక్క మాట చాలు. పడవ అంటే చాలు. ఎలా తెలుసు అంటారు. మాది ఆ ఊరే అనాలి. అంటే ఏమవుతుంది? ప్రాణం పోదు. కొలువు కూడా పోకపోవచ్చు, అతనంత మంచి దుబాసి ఆ తీరంలో దొరకడు. లైకోను నవ్వుతాడు. ఇన్నాళ్లూ మమ్మల్ని నవ్వించింది నీ సొంత నాలికేనా అంటాడు. రేపటినుంచి వసారాలో బంట్రోతులు అంటారు. పక్కింటి ముసలమ్మకు తెలుస్తుంది. షప్పీరాకు తెలుస్తుంది, ఆవిడకు మూగ మామగారు గుర్తొస్తాడు. చావుకు భయపడితే మనిషిని అర్థం చేసుకోవచ్చు. హనాను నవ్వుకు భయపడ్డాడు. ఎదురుగా ఒక మనిషి ప్రాణం నిలబడి ఉంది, ఇతను తన వెనక వినబడబోయే నవ్వును వింటున్నాడు.

"వాళ్ల నోట హ పలకదు దొరా," అన్నాడు. "హర్బా అన్నా అర్బా అన్నట్టే వినబడుతుంది."

"అంటే కత్తేనా?"

"కావచ్చు దొరా."

పలికిన ప్రతి అక్షరమూ నిజమే. ఏ కొలువులో ప్రమాణం చేయించినా తప్పు పట్టలేరు. హనాను తన బతుకులో ఆడిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది అదే. దొర రెండు చేతులూ దులుపుకున్నాడు. మధ్యాహ్నమే శిక్ష అన్నాడు. ముసలి పెద్ద కర్ర పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. తీర్పేమిటని హనానునే అడిగాడు. హనాను చెప్పాడు. తరువాత అదే తీర్పు నిత్తాయికీ అరామీలో చెప్పాడు, హ ఉన్నచోటల్లా హ పలుకుతూ చెప్పాడు. నిత్తాయి తీర్పు వినలేదు, ఆ 'హ'నే విన్నట్టు చూశాడు. సిపాయిలు భుజం పట్టి తీసుకుపోయారు.

దొర స్నానానికి లేచాడు. వసారాలో రొట్టెలూ ఉల్లిపాయలూ విప్పారు. హనాను కాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సిగ్గు అంటే ముఖానికే పడుతుందనుకుంటాం, అతనికి ఒళ్లంతా పట్టింది. ఇంకా మించిపోలేదు, దొర తడిబట్టతో బయటికి వచ్చేలోగా లైకోను చేత కబురు పంపితే చాలు. లేచి వెళ్లి లైకోను ముందు నిలబడ్డాడు.

ఆ మాట గురించి చెప్పాలి అన్నాడు. ఏ మాట అన్నాడు లైకోను, నోటినిండా ఉల్లిపాయ. హనాను నోరు తెరిచాడు. గ్రీకులో మొదలుపెట్టినవాడు గ్రీకులో సాగలేకపోయాడు. ఇన్నేళ్లుగా గొంతులో బిగించి కట్టుకున్నదేదో తెగినట్టు, అసలు మాట అసలు యాసలోనే బయటికి వచ్చింది.

"అర్బా అంటే పడవేనండి. మా వోళ్లు కత్తిని సైఫా అంటారు. నాది ఆ రేవేనండి. మా అయ్య పడవలకి కీలు పూసేవోడు."

లైకోను ఒక్క క్షణం బిత్తరపోయి చూశాడు. తరువాత ఉల్లిపాయ నోట్లోంచి ఎగిరిపడేలా నవ్వాడు. రండిరా, దుబాసి మళ్లీ మొదలుపెట్టాడు, ఇంతదాకా ఇలాంటిది అనలేదు, కళ్లల్లో నీళ్లు కూడా పెట్టుకున్నాడు చూడండి అని అందరినీ పిలిచాడు. బంట్రోతులు ముద్ద వదిలేసి వచ్చారు. మళ్లీ అను, మా అయ్య దగ్గర్నుంచి అను, అన్నారు. హనాను వాళ్ల మధ్య నిలబడ్డాడు. ఒట్టు వేసి చెప్పొచ్చు, బట్ట చింపుకుని చెప్పొచ్చు, దొర కాళ్ల మీద పడొచ్చు. వాళ్ల ముఖాల వంక చూశాడు. ఆ ఒట్టు తరువాత మొదటిసారి తన సొంత మాట నలుగురిలో మాట్లాడితే అది వాళ్లు చూసిన వేషాలన్నిటిలోకీ గొప్ప వేషమైంది.

మళ్లీ అన్నాడు. వాళ్లతో పాటు తనూ నవ్వాడు.

శిక్ష పడ్డవాడి దగ్గరికి దుబాసి వెళ్లి, చెప్పవలసింది ఏమైనా ఉందా, శవాన్ని తీసుకుపోయేవాళ్లు ఉన్నారా అని అడగడం ఆ కచేరీ ఆనవాయితీ. హనాను సముద్రం వైపున్న కొట్టుకు వెళ్లాడు. సిరియా సిపాయి ఒకడు తలుపు తీసి, గుమ్మంలో కూర్చుని చెప్పు ముడి కట్టుకుంటున్నాడు. కొట్టులో ఒక రాతి అరుగు, గోడకు చెమ్మ. నిత్తాయి లేచి నిలబడ్డాడు. హనాను అడగవలసినవి కచేరీ గొంతుతో అడిగాడు. నిత్తాయి గొంగడి తీసి నాలుగు మడతలు వేసి అరుగు మీద పరిచాడు.

"రాయి తడిగా ఉంది. కూకో అబ్బాయా."

హనాను కూర్చున్నాడు. ఉన్ని ఇంకా వెచ్చగా ఉంది, చేపల వాసన వేసింది. నిత్తాయి ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"ఎవల పిల్లడివి నువ్వు?"

హనాను గుమ్మం వైపు చూశాడు. సిపాయికి చెప్పు ముడి తెగింది, వాడి లోకం వాడిది.

"అనానుని," అన్నాడు. "కీలు యాకీము కొడుకుని."

నిత్తాయి తొడ మీద చరుచుకున్నాడు. చావు దగ్గర పెట్టుకుని కూడా ఆనవాలు దొరికిన సంతోషం ఆపుకోలేకపోయాడు. మా పెద్ద పడవకి కీలు పూసింది మీ అయ్యే, ఇప్పటికీ చుక్క నీరు దిగదు అన్నాడు. ఆయన నీ పెళ్లికి పోయొచ్చిన సంగతి రేవంతా చెప్పుకున్నాం అన్నాడు. ఒడ్డున కూర్చోబెట్టి అందరూ అడిగారట, ఎలా జరిగింది, ఏం మాట్లాడుకున్నారు అని.

"మా వోడు ఎంత గొప్పోడయ్యాడో తెలుసా అన్నాడు మీ అయ్య. నేను నోరు తెరిచి ఇది కావాలని అడక్కముందే అన్నీ తెచ్చి పెట్టారు, నోరు తెరిచే పనే పడలేదు అన్నాడు. అదే చెప్పుకుని మురిసిపోయేవోడు, పోయేదాకా."

హనాను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. నిత్తాయికి అర్థం కాలేదు, తండ్రి మీద ప్రేమ అనుకున్నాడు.

"నువ్వన్నది పడవ అని నాకు తెలుసు," అన్నాడు హనాను చేతుల్లోంచే. "అక్కడే తెలుసు. దొర అడిగినప్పుడే తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసు. నువ్వు నా మాట తిరిగి అన్నావే, అప్పుడు బతికిపోయాననుకున్నాను." నిత్తాయి గోడకు చేరగిలబడ్డాడు. "ఎందుకు చెప్పలేదురా?"

"నవ్వుతారని."

గోడ అవతల సముద్రం రాళ్లకు కొట్టుకుంటోంది. నిత్తాయి ఆ మాటను చేత్తో పట్టుకుని బరువు చూస్తున్నట్టు కూర్చున్నాడు. అంత తేలికగా ఉంటుందని అనుకోలేదేమో.

"నవ్వుతారనా," అన్నాడు చివరికి. "నాకు కోపంగానే ఉంది అబ్బాయా. మా గురువు కోపం పెట్టుకుని పోవద్దన్నాడు. ఇంకాసేపుంటే పోద్ది. అంత సేపు వీళ్లు ఇవ్వరు. పోయిందనే అనుకో."

తరువాత ఒకటి అడిగాడు. వీలైనప్పుడు రేవుకు పోయి, నిత్తాయి కత్తులెత్తమనలేదు అని చెప్పు. మావోళ్లు నమ్మే ఉంటారు, అయినా నువ్వు చెప్పు, మన మాటలోనే చెప్పు అన్నాడు. హనాను తలాడించాడు. చెబుతానని నోటితో అనబోయేసరికి సిపాయి లేచి, ఇక చాలన్నాడు. నిత్తాయి మోకాళ్ల మీద చేతులానించి మెల్లగా లేచాడు. గుమ్మం దగ్గర తల తగలకుండా వంగి బయటికి వెళ్లాడు.

శిక్ష గోడ వెనకనే జరిగింది. ఎక్కువసేపు పట్టలేదు. ఎవరో గ్రీకులో ఒక మాట అరిచారు, కాసేపటికి నీళ్లు కుమ్మరించిన చప్పుడయింది. రేవులో ఓడ మీదివాళ్లు పాట పాడుకుంటున్నారు. హనాను కూర్చున్నచోటే కూర్చున్నాడు.

సిపాయి చేతులు కడుక్కుని వచ్చాడు. ఏమైనా చెప్పాడా, రాయసగాడికి చెప్పాలి అన్నాడు. హనాను లేచి బట్ట సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని, ఏమీ చెప్పలేదు అన్నాడు. సిపాయి లోపలికి తొంగి చూశాడు. అరుగు మీదున్నది నీదేనా, తీసుకుపో, తలుపు వేసెయ్యాలి అన్నాడు.

"నాది కాదు," అన్నాడు హనాను, మంచి గ్రీకులో.

సిపాయి భుజాలు ఎగరేసి తలుపు లాగాడు. లోపల రాతి అరుగు మీద గొంగడి నాలుగు మడతల్లోనే ఉంది, మధ్యలో ఒక మనిషి కూర్చుని లేచిన పల్లం ఇంకా పూడలేదు.